ధర పెంచడానికి వెళ్లిన మా బావ

మా బావ ధర పెంచడానికి వెళ్లిన ప్రతిసారీ పని పెంచుకుని వచ్చేవాడు. వెక్కిరింపుకి అంటున్న మాట కాదు ఇది. పక్కనే నిలబడి కళ్లారా చూసినవాణ్ణి నేను.

బావ అంటే మా అక్క మొగుడు. పద్నాలుగేళ్లుగా ఇళ్లకీ కొట్లకీ కిటికీ అద్దాలు తుడుస్తున్నాడు. రెండు బకెట్లు, పది గుడ్డలు, రెండు వైపర్లు, ఒక పొడుగాటి నిచ్చెన, ఆ నిచ్చెన కింద నేను. అదీ మా వ్యాపారం. పైకెక్కేది ఆయన, కింద పట్టుకునేది నేను. నేను చేరి తొమ్మిదేళ్లయింది. మొన్నమొన్నటిదాకా ఎక్కేముందు ఒక్కసారి కిందికి చూసి, పట్టుకున్నావా అని అడిగిన మనిషి కాదు. గుడ్డ భుజాన వేసుకుని, ఇంట్లో మెట్లెక్కినట్టు ఎక్కిపోయేవాడు. రెండేళ్ల కిందట తడి గచ్చు మీద నిచ్చెన కాలు జారితే ఒళ్లంతా ఆనించి ఆపాను. ఆయన పైనుంచి, "ఆ బకెట్లో నీళ్లు మార్చరా" అన్నాడు.

పనిలో ఆయనకి వంక పెట్టలేం. తుడిచిన అద్దం పక్కన చేరి, తల వంచి, వెలుతురుకి అడ్డంగా చూస్తాడు. సన్నగీత కనబడ్డా మళ్లీ మొదటినుంచీ. చేతులు అంత గట్టివి, నోరు అంత మెత్తనిది.

కొత్తవాళ్లు ఫోన్ చేస్తే మా అక్క మాట్లాడుతుంది. ఇప్పటి రేటు చెబుతుంది, ఇష్టమైతే రమ్మంటారా అంటుంది, అంతే. పాతవాళ్లు పందొమ్మిది మంది మాత్రం బావ మనుషులు. వాళ్ల దగ్గర మొన్నటిదాకా మొదటిరోజు ఒప్పుకున్న ధరే. సబ్బు ధర పెరిగింది, నా ఇంటి అద్దె పెరిగింది, నా పిల్లలిద్దరూ పెరిగారు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లు, అవే కిటికీలు, కొత్తాయన ఇచ్చేదాంట్లో సగం ఇచ్చేది పక్కింటి పాతావిడ. ఏటా ఒకసారి బావ గట్టిగా అనుకుని బయల్దేరేవాడు. గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలేవాడు. వాళ్లు "ఏంటయ్యా?" అనగానే, "ఏం లేదండీ, ఆ నిలువుటద్దం కూడా దుమ్ము పట్టింది, తుడిచిపెడదామని" అనేవాడు. ఇక ఆ అద్దం ఆ ఏటినుంచీ మా నెత్తిన.

నర్సమ్మగారి ఇల్లు చూస్తే తెలుస్తుంది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి మానేసిన మనిషి, రెండంతస్తుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. బావకి మొట్టమొదట పని ఇచ్చింది ఆవిడే. ఒప్పుకున్నది పన్నెండు కిటికీలు. పోనుపోను వాటితోపాటు హాల్లో నిలువుటద్దం, మెట్ల దగ్గర దీపం, పుస్తకాల బీరువా, వెనక తలుపు, గోడ గడియారం, ఇంకా ఎన్నో మావే అయ్యాయి. ఆ ఇంట్లో ఉచితంగా తుడిచే ప్రతి వస్తువూ బావ నోరు పెగలని ఒక్కో ఏడాది.

వచ్చినదాంట్లో సగం నాకే ఇస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సున్నాలో సగమెంత? ఆమధ్య మా ఇంటాయన అద్దె మళ్లీ పెంచాడు. ఆయన అడగడానికి నీళ్లు నమల్లేదు. అదే వారంలో, గాజు మేడలు తుడిచే కంపెనీ ఒకటి నన్ను రమ్మంది. నెలజీతం, పడకుండా ఒంటికి పట్టీలు, పైకెక్కించి కిందికి దింపే యంత్రం. శనివారం సాయంత్రంలోగా వస్తావో రావో చెప్పమన్నారు.

సోమవారం ఆ మాట బావతో అన్నాను. వైపర్ రబ్బరు మారుస్తున్నవాడు తలెత్తకుండా, "మంచిదేరా, వెళ్లు" అన్నాడు.

"మరి నిచ్చెన?"

"నేను చూసుకుంటాలే."

చూసుకుంటాడట. యాభై దాటాయి, కుడిభుజం ఏడాదిగా పైకి లేవదు, తడి గచ్చు మీద ఒక్కడే ఎక్కుతాడట. మా అక్క నన్ను వంటింట్లోకి లాగి, "నువ్వు పోతే ఆయన ఇంకొకణ్ణి పెట్టుకోడు. పెట్టుకుంటే జీతమివ్వాలి, జీతమివ్వాలంటే ధర పెంచాలి, ధర పెంచాలంటే నోరు తెరవాలి. ఒక్కడే ఎక్కుతాడు. ఏదో ఒకరోజు నాకు ఫోనొస్తుంది" అంది. అంటూనే ఏడ్చింది. అందుకని ఒక మాట అనుకున్నాం. పాతవాళ్లందరికీ ధర పెంచితే నేను ఆగుతాను. లేకపోతే వెళ్లిపోతాను. బావ సరేనన్నాడు. సరేననడంలో ఆయన ఎప్పుడూ ముందే.

ఆ సాయంత్రం వంటింట్లో మా అక్క ఆయనకి తర్ఫీదిచ్చింది. తను గుమ్మంలో ఖాతాదారులా నిలబడింది, బావ బయటినుంచి వచ్చాడు.

"అమ్మా, వచ్చే నెలనుంచీ కొంచెం..."

"అయ్యో, ఒక్కసారే అంతా?" అంది మా అక్క, చెయ్యి బుగ్గన పెట్టుకుని.

"పోనీలెండమ్మా, పాతదే ఇవ్వండి" అన్నాడు బావ, సొంత పెళ్లాంతో, సొంత వంటింట్లో.

మా అక్క గరిటె గట్టుమీద కొట్టి, "మొహమాటానికి పోతే..." అని ఆగింది. ఆ సామెతలో మిగతా సగం తమ్ముడి ముందు అనేది కాదు.

మంగళవారం రొట్టెల కొట్టు. నేను బయట బకెట్లతో నిలబడ్డాను. బావ లోపలికెళ్లి నవ్వుకుంటూ వచ్చాడు. నాకు ఆశ పుట్టింది. "వెనకవైపు అద్దం కూడా మనకే ఇచ్చారురా" అన్నాడు. డబ్బులెంత అని అడిగితే, అది అడగలేదన్నాడు.

బుధవారం మంగలి. ఈసారి లోపల చాలాసేపున్నాడు. నేను కాలుకాలిన పిల్లిలా కొట్టు ముందు తిరిగాను. కాసేపటికి బావ చక్కగా క్షవరం చేయించుకుని బయటికొచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి ఏంటి సంగతంటే, చెప్పడానికి మొహం చెల్లక, జుట్టు పెరిగిందన్నాడట. క్షవరానికి డబ్బులిచ్చాడు. పైగా కుర్చీల ముందు అద్దాలు కూడా తుడుస్తానని మాటిచ్చాడు.

"ధర పెంచి రమ్మంటే జుట్టు తగ్గించుకొచ్చావు. అడగందే అమ్మైనా పెట్టదు బావా" అన్నాను.

"వాళ్లకీ కష్టాలుంటాయి కదరా."

"నాకు లేవా?"

ఆయన బకెట్ అందుకుని ముందుకి నడిచాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గురువారం మేమిద్దరం గుడ్డ, బకెట్ అన్న మాటలు తప్ప వేరే మాట అనుకోలేదు. నడుస్తున్నంతసేపూ నా కాళ్లు ఆ కంపెనీ వీధివైపే లాగుతున్నట్టు ఉండేది. అటు వెళ్లాలని ఉంది, వెళ్లకూడదని ఉంది. ఆయన మీద కోపం, నేను లేకపోతే ఆయన పడిపోతాడేమోనన్న భయం, రెండూ ఒక్కచోటే మండుతున్నాయి.

శుక్రవారం నర్సమ్మగారి ఇల్లు. గేటు దగ్గర బావతో, "ఈవిడతో చెప్పావంటే మిగతావాళ్లతో చెప్పినట్టే" అన్నాను. తలూపాడు. లోపలికెళ్లాడు. రెండు నిమిషాల్లో వచ్చి, "ముందు పని కానిద్దాంరా, తర్వాత అడుగుతా. ఆవిడ పంకా రెక్కలు మురికిగా ఉన్నాయి, అవి కూడా..." అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకుని నిచ్చెన వేశాను. ఆయన గుడ్డ భుజాన వేసుకుని ఎక్కాడు. కిందికి చూడలేదు. పైఅంతస్తు కిటికీకి ఎడమచేత్తో సబ్బు రాస్తున్నాడు. కింద నేను పంకా రెక్కలు లెక్కపెట్టుకుంటున్నాను, హాల్లో మూడు, వంటింట్లో మూడు. ఇంక నావల్ల కాలేదు. ఆయన అడగకపోతే నేనే అడుగుతాననుకుని, నిచ్చెన వదిలేసి విసవిసా లోపలికెళ్లాను.

నర్సమ్మగారు వీధివైపు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నిలబడ్డచోటే గడగడా చెప్పేశాను. పద్నాలుగేళ్లుగా ఒకే ధర, కొత్తవాళ్లు ఇచ్చేదింత, మీరిచ్చేదింత, మా బావకి అడగడం చేతకాదు, రేపటిలోగా తేలకపోతే నేను వెళ్లిపోతున్నాను, ఆయనకి నిచ్చెన పట్టేవాడు ఉండడు.

ఆవిడ అంతా విని కళ్లజోడు తీసింది. "ఇప్పుడు మీ బావ ఎక్కడున్నాడు?"

"పైన, నిచ్చెన మీద."

"నువ్వు ఇక్కడున్నావు. మరి కింద ఎవరు పట్టుకున్నారు?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. నిచ్చెన కాళ్లు గచ్చు మీద జానెడు జరిగి ఉన్నాయి. వైపర్ కింద పడి ఉంది. బావ రెండు చేతులతో, లేవని ఆ కుడిచేత్తో కూడా, కిటికీ చువ్వలు పట్టుకుని గోడకి అతుక్కుని ఉన్నాడు. నన్ను పిలవలేదు. అరవనూ లేదు. సాయం అడగడం కూడా ఆయనకి అడగడమే కదా. నేను నిచ్చెన మీద పడి కరుచుకున్నాను.

"దిగు బావా."

ఆయన కదల్లేదు. కాసేపటికి, ఎప్పుడూ వినని గొంతుతో, "పట్టుకున్నావా?" అన్నాడు.

"పట్టుకున్నా."

"గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నా బావా, దిగు."

దిగాక ఇద్దరం గచ్చుమీదే కూర్చుండిపోయాం. నర్సమ్మగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. ముందు నన్ను తిట్టింది, ఆ తిట్లు పడాల్సిందే, పడ్డాను. తర్వాత బావ వైపు తిరిగింది.

"ఆ పైగదులు నేను తెరిచి ఆరేళ్లయింది. మెట్లెక్కలేను. తెరలు వేసే ఉంటాయి. నువ్వు తుడిచేది ఎవరూ చూడరు."

బావ తెల్లమొహం వేశాడు. "మరి వద్దని చెప్పొచ్చుగా అమ్మా?"

"నీకు పని పోతుందని ఊరుకున్నాను. ఏటా వచ్చి నిలబడతావు, ఏదో అడుగుతావనుకుంటాను, అద్దం తుడుస్తానంటావు. వద్దంటే చిన్నబుచ్చుకుంటావని అదీ ఊరుకున్నాను. ఆ గడియారం నడవక ఎన్నేళ్లయిందో తెలుసా? దాని అద్దం తుడుస్తావు."

ఒంటరిదని ఆవిడని చూసి బావ జాలిపడ్డాడు, బావని చూసి ఆవిడ జాలిపడింది. ఆ జాలికోసం ఆరేళ్లుగా మా బావ రెండంతస్తులెక్కాడు.

"ఇకమీదట కింద కిటికీలు నాలుగే" అంది. "ధరెంతో చెప్పు. నీ బావమరిది చెప్పాడు, అది లెక్కలోకి రాదు. నువ్వు చెప్పు."

బావ గచ్చుమీద కూర్చునే, నీళ్లు నమలకుండా, కొత్త ధర చెప్పాడు. ఆవిడ సరే అని లోపలికెళ్లిపోయింది. అంతే, అంత చిన్న పని అది.

ఆ మధ్యాహ్నం, మర్నాడు పొద్దున్న, మిగతా పద్దెనిమిది మంది దగ్గరికీ వెళ్లాడు. నేను బయటే నిలబడ్డాను. పదిమంది సరేనన్నారు. ఐదుగురు గొణిగి సరేనన్నారు. ముగ్గురు వద్దన్నారు, వాళ్లలో రొట్టెల కొట్టాయన ఒకడు. మంగలి ధరకి సరేనని, "కుర్చీల ముందు అద్దాలు నేను తుడుచుకుంటాగానీ, మొన్నే చెప్పుంటే ఆ క్షవరం డబ్బులు మిగిలేవిగా" అన్నాడట. శనివారం సాయంత్రం కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పాను. మా అక్క నాకు కంచం పెట్టింది.

సోమవారం కొత్తింట్లో పని. నిచ్చెన వేశాను. బావ గుడ్డ భుజాన వేసుకుని మొదటి మెట్టుమీద కాలు పెట్టి ఆగాడు. వెనక్కి తిరిగి కిందికి చూశాడు.

"పట్టుకున్నావా?"

పట్టుకున్నానన్నాను. నాలుగు మెట్లెక్కి మళ్లీ ఆగి, మళ్లీ అడిగాడు. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ధర చెప్పడానికి ఇప్పుడు ఆయనకి నోరు తడబడదు. నిచ్చెన ఎక్కేటప్పుడు మాత్రం రోజూ, ప్రతి కిటికీకీ, రెండుసార్లు అడుగుతాడు. ముక్కుమీద కోపం ఉన్నవాణ్ణి, అయినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కునే హక్కు నాకు లేదు.

"పట్టుకున్నా బావా" అంటాను, రెండుసార్లూ.