తప్పెట మీద ఇసుక

బస్సులో ఒకాయన తప్పెట మీద ఇసుక చల్లి, చనిపోయిన కూతురి పేరు పిలిస్తే, ఆ ఇసుక తామరపువ్వై విచ్చుకుందని నేను చెప్పని ఊరు ఈ పక్క లేదు. గుడిబండెలో ఎనిమిది రేకులని చెప్పినాను. బాగేపల్లి చేరేసరికి పదహారైనాయి. ముసలితనం వచ్చింది, ఇప్పుడు జరిగిందే చెప్తాను.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. చింతామణి దాటినాక మా బస్సు ఎత్తు ఎక్కలేక నిలిచింది. కండక్టరు దిగి బొగ్గు రాజేస్తాంటే, నా పక్కనున్న పెద్దాయన సంచిలోంచి తప్పెట తీసి, దాని తోలు మీద సన్న ఇసుక చల్లినాడు.

"నా బిడ్డకు పుట్టు చెవుడప్పా. దీన్ని ఎత్తిపట్టి కింద నుంచి పేరు పిలిస్తే ఇసుక ఆడేది. అది చూసి, నన్నే పిలుస్తాండావని రొమ్ము తట్టుకొని నవ్వేది. నేను దాని మొగమే చూసేవాణ్ణి. దించేలోపల ఇసుక చెదిరిపోయేది. పోయిన నెల జ్వరమొచ్చి పాయె. అదేం చూసేదో నువ్వు చూసి చెప్పప్పా."

తప్పెట ఎత్తి "గంగీ" అనబోయినాడు. నోట్లోంచి ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఇసుక రవ్వంత కూడా కదలలేదు.

"ఏం పడిందప్పా?" అని కింద నుంచే అడిగినాడు.

"తామరపువ్వప్పా," అన్నాను.

"అట్లనా! అందుకేనా అంత నవ్వేది!"

బస్సు కదిలి ఇసుకంతా నా ఒళ్ళో పడింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. నేనూ నవ్వుతానేమోనని నా మొగమే చూస్తా కూర్చున్నాడు.