నలభై మీద ముల్లు

స్కూలు వ్యాన్లు నడిపేవాళ్ళంతా ఆయన్ని తాబేలు అంటారు. పిలిస్తే పలుకుతాడు కూడా. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బడికి పిల్లల్ని చేరవేస్తున్నాడు. పెద్ద రోడ్డు మీద నలభై దాటకూడదని బోర్డు ఉంది కదా, స్పీడు ముల్లుని సరిగ్గా నలభై మీద మేకు కొట్టినట్టు నిలబెడతాడు. ముప్పై తొమ్మిది కాదు, నలభై ఒకటీ కాదు. వెనకొచ్చే బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి, విసిగి, పక్కనుంచి దాటిపోతూ ఒక చూపు చూసి పోతారు. ఆ చూపుకీ ఆయన చిరునవ్వుతో తలాడిస్తాడు. ఒక ఏడాది సెలవులిచ్చే ముందు రోజు పిల్లలే రంగులు తెచ్చి వ్యాను వెనక తలుపు మీద ఆకుపచ్చ తాబేలుని గీశారు. దానికి ఆయనకున్నట్టే కళ్ళజోడు కూడా పెట్టారు.

రోజూ తాళం తిప్పేముందు ఆయన మనసులో అనుకునే మాట ఒకటే. "స్వామీ, చక్రం నేను పట్టుకుంటాను, పిల్లల్ని నువ్వు పట్టుకో." ఎవరూ నేర్పింది కాదు. మొదటి రోజు భయంలో నోటికొచ్చింది, అలాగే నిలిచిపోయింది.

అలాంటి మనిషికి ఒక శనివారం మధ్యాహ్నం పోస్టులో కవరొకటి వచ్చింది. అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. ఎడమ చేత్తో కవరు చింపి చదివాడు. చదివి, వెనక వైపు ఇంకేమైనా మాట ఉంటుందేమోనని కాగితం తిప్పి చూశాడు. అటు ఖాళీ. మళ్ళీ ఇటు తిప్పాడు. నలభై దాటకూడని చోట నలభై నాలుగు. తేదీ, టైము, బండి నంబరు. కింద ఫొటో. ఫొటోలో వ్యాను వెనక తలుపు, తలుపు మీద కళ్ళజోడు పెట్టుకున్న తాబేలు.

"ఏమైందండీ, ముద్ద చేతిలోనే ఉండిపోయింది" అంది భార్య. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. మనిషి మొహంలో రంగు మారడం ముందుగా ఆవిడకే తెలుస్తుంది.

ఆయన కాగితం ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ చదివి నవ్వింది, తోటి డ్రైవర్లెవరో ఆటపట్టించడానికి పంపారనుకుని. ఆయన నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది. పక్కన పిడుగు పడితే మనిషి కనీసం ఉలిక్కిపడతాడు. ఆయన అదీ చెయ్యలేదు. చేతిలో ముద్దని కంచంలో పెట్టేసి, ఆ ఫొటోలో తాబేలుని వేలితో తుడిచి చూశాడు, పైన అంటించారేమోనన్నట్టు.

జరిమానా సంగతి వదిలెయ్యండి, అదెంత. గుండెలో రాయి పడింది వేరే దానికి. బడిలో ఒక రూలుంది. స్పీడు కేసు రుజువైన డ్రైవరు ఏడాది పాటు పిల్లల బండి చక్రం ముట్టుకోకూడదు. ఆయనకి మిగిలిందే రెండేళ్ళ సర్వీసు. జరిమానా కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. కాదంటే పదిహేను రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి.

సాయంత్రానికి కబురందుకుని ఆవిడ తమ్ముడు వచ్చాడు. ప్లీడరు దగ్గర గుమాస్తా. కాగితాలు చదివీ చదివీ ఒక కన్ను చిన్నదైపోయిన మనిషి.

"నువ్వు నలభై నాలుగేంటి బావా? నిన్ను చీమలు దాటిపోతుంటే వాటికి దారిస్తావు కదా" అన్నాడు చెప్పులు విడుస్తూనే.

"నవ్వించకురా, ఆయన అన్నం కూడా తినలేదు" అంది అక్క.

గుమాస్తా కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని అడుగున ఉన్న సన్నక్షరాలు చదివాడు. చదువుతూండగానే పెదవి పక్కకి జారి నవ్వైంది. "ఇదిగో. రోడ్డు పక్కన స్పీడు పట్టే ఈ మెషిన్‌ని ఏడాదికోసారి పరీక్షించాలి. చివరిసారి ఎప్పుడు చేశారో వాళ్ళే అచ్చేసి పంపారు. నీ ఫొటో తీసేనాటికి ఏడాది దాటి తొమ్మిది రోజులు. ఒక్క అర్జీ పడేస్తే కేసు నిలబడదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు బావా, నమలడమే నీ వంతు."

"తేదీ వల్ల గెలిస్తే, నేను నలభై మీదే ఉన్నట్టు రాసిస్తారా?"

"రాసివ్వరు. కొట్టేస్తారు."

"నాకు నలభై అని తేలాలిరా."

"అక్కా, మీ ఆయనకి గెలుపు చాలదట, శాలువా కూడా కప్పాలట."

బావ మాత్రం నవ్వలేదు. మెషిన్ తప్పు చెప్పిందని తనే రుజువు చేసి, ఆ లెక్క అర్జీకి జతచేస్తానన్నాడు. గుమాస్తా భుజాలు ఎగరేసి, "నీ ఇష్టం. నేను మాత్రం తేదీ మీదే రాసుకొస్తాను" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాం వ్యానులో బయల్దేరారు. ఊరి బయట రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళుంటాయి. సరిగ్గా నలభై మీద పోతే రాయికీ రాయికీ మధ్య తొంభై సెకన్లు పట్టాలి. ఈ లెక్క ఆయన వేళ్ళ మీద రెండుసార్లు వేసుకున్నాడు. ఆవిడ రోగుల నాడి చూసే గడియారాన్ని అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చుంది. మొదటి రాయి దాటగానే మొదలుపెట్టింది. ఆయన కన్ను ఒకటి రోడ్డు మీద, ఒకటి ముల్లు మీద. ముల్లు కదల్లేదు. రెండో రాయి వచ్చింది.

"ఎనభై రెండు" అంది ఆవిడ.

"ఆలస్యంగా మొదలుపెట్టుంటావు."

"ముప్పై ఏళ్ళుగా నాడి చూస్తున్నదాన్ని, రాయిని చూడలేనా?"

రెండో కిలోమీటరూ ఎనభై రెండే. మూడోది ఎనభై ఒకటి. ఆయన బండి పక్కకి తీసి ఆపాడు. ఈ రాళ్ళెవరో తప్పుగా పాతారన్నాడు. మూడు రాళ్ళూనా అంది ఆవిడ. ఆవిడ గడియారాన్ని సంచిలో పెట్టేసింది. తర్వాత ఆవిడ నెమ్మదిగా, పుండు మీద కట్టు విప్పే గొంతుతో, "ముల్లే అబద్ధం చెబుతోందేమోనండీ" అంది.

ఆయన ఆవిడ వైపు చూసిన చూపు ఎలా ఉందంటే, పుట్టింటివాళ్ళని తిడితే ఆడపిల్ల చూస్తుందే, అలా ఉంది.

తిరిగొస్తూ, ముల్లు సంగతి అడుగుదామని తెలిసిన టైర్ల షాపు దగ్గర ఆపారు. ఆదివారం కాబట్టి షట్టరు సగమే ఎత్తి ఉంది. టైర్లతను కిందనుంచి వంగి బయటికొచ్చి, "ఏంటన్నా, వదినమ్మ కూడా వచ్చింది, ఏం పాడైంది?" అన్నాడు. సంగతి విని తల గోక్కుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం దగ్గర ఆగాడు. అక్కడే ఉండిపోయాడు.

"అన్నా, ఒకసారి స్టెప్నీ దించు" అన్నాడు. గొంతు మారింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వ్యానులో ఒక ఎనిమిదేళ్ళ పాప వస్తుంది. వెన్ను వంకరని నడుముకి గట్టి పట్టీ వేశారు. వాళ్ళ వీధి చివర కాలవ దగ్గర మూడు గుంతలున్నాయి. బండి గుంతలో పడినప్పుడల్లా పాప ఏడవదు. పెదవి కొరుక్కుంటుంది. అద్దంలో అది చూసి చూసి ఆగలేక, నాలుగు నెలల కింద ఈయనే టైర్లతన్ని అడిగాడు, కుదుపు తగ్గే దారేదైనా ఉందా అని. "ఇంతకంటే పెద్ద సైజు మెత్తటివి వేస్తానన్నా, గుంత తెలీదు" అని అతను మనసు పెట్టి వెతికి నాలుగు తెచ్చి బిగించాడు. పాప పెదవి కొరుక్కోవడం మానేసింది. ఇద్దరూ అదో పుణ్యం చేసినట్టు సంబరపడ్డారు. నిజానికి చేశారు కూడా.

మార్చనిది స్టెప్నీ ఒక్కటే. టైర్లతను దాన్ని దొర్లించుకొచ్చి, బిగించి ఉన్న చక్రం పక్కన నిలబెట్టాడు. పెద్దది నాలుగు వేళ్ళు ఎత్తుంది.

"ముల్లు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుందన్నా. రోడ్డుని చూడదు. చక్రం పెద్దదైతే చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. ముల్లు మాత్రం పాత లెక్కే చెబుతుంది." టైర్లతను తన చేతులవైపే చూసుకుంటున్నాడు. "నాకు తట్టలేదన్నా. ఇంతకాలం ఇదే పని చేస్తున్నా, నాకు తట్టలేదు."

ఆయన స్టెప్నీ మీద కూర్చుండిపోయాడు. అంటే నిన్న కాదు, మొన్న కాదు. నాలుగు నెలలు. రోజుకి రెండుసార్లు, ఇరవై రెండు మంది పిల్లలతో. వెనకవాళ్ళు విసుక్కుంటుంటే తను నలభై మీదున్నానని లోలోపల పొంగిపోతూ, నలభై నాలుగు మీద. కంచే చేను మేసింది, అదీ కాపలా కాస్తున్నాననుకుంటూ.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. మూడు వారాల కింద, కూరగాయల సంచితో ఒక పెద్దావిడ బండికి అడ్డంగా రోడ్డు దాటింది. ఎప్పుడూ తొక్కే దూరంలోనే బ్రేకు తొక్కాడు. ఎప్పుడూ బారెడు దూరంలో ఆగే బండి, ఆ రోజు ఆవిడ సంచికి జానెడు దూరంలో ఆగింది. కాలికి వయసొచ్చింది కాబోలు అనుకున్నాడు. ఆ తల్లి చెయ్యెత్తి, "నాదే పొరపాటు నాయనా" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ జానెడు ఇప్పుడు కళ్ళముందుకొచ్చి నిలబడింది.  భార్య వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. గడియారం చూడలేదు, ఊరికే పట్టుకుంది.

"నా పేరు రాసెయ్యన్నా అర్జీలో. పెద్ద టైర్లు వేసింది నేనని రాయి, నీ మీదికి రాదు" అన్నాడు టైర్లతను.

"అడిగింది నేను" అన్నాడు ఆయన. "పాతవి ఉన్నాయా?"

ఉన్నాయి, మూలన. టైర్లతను సెలవురోజైనా తీరికగా నాలుగూ మార్చి బిగించాడు. ప్రతి బోల్టునీ రెండుసార్లు బిగించాడు.

ఇంటికొచ్చేసరికి గుమాస్తా అర్జీ టైపు చేయించుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది విన్నాడు. వేళాకోళం మానేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "బావా, ఈ సంగతి మన నలుగురికే తెలుసు. టైర్లు మార్చేశావు. ఇంక జరిగే ప్రమాదం లేదు. అర్జీ తేదీ గురించి, తేదీ నిజంగానే దాటింది. ఇందులో ఒక్క అబద్ధం లేదు" అన్నాడు. అతనూ మంచికే చెబుతున్నాడు. అక్క మొగుడి చేతిలోంచి చక్రం పోతే ఆ మనిషి ఏమైపోతాడో అతనికి తెలుసు.

ఆయన అర్జీ పూర్తిగా చదివాడు. "బాగా రాశావురా. తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు. ఇందులో నేను కూడా లేను."

"అంటే?"

"నలభై అని బోర్డు పెట్టింది నన్ను పట్టుకోవడానికి కాదు. ఆ సంచి పట్టుకున్నావిడ ఇంటికి చేరడానికి. కవరు రాకపోతే నేను రేపు పొద్దున కూడా అలాగే పోయేవాణ్ణి, ముల్లుని చూసుకుంటూ. మనల్ని ఆపాలనుకుంటే దేవుడు ప్రతిసారీ గంట కొట్టడు. ఒక్కోసారి పోస్టులో పంపుతాడు. పంపినాయన మీద నేను కేసు ఎలా వేసేది?"

గుమాస్తా అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నీలాంటివాళ్ళు నలుగురుంటే మా ప్లీడరుగారు దుకాణం కట్టేసుకోవాలి" అని గొణిగాడు. "అక్కా, ఆయనకి అన్నం పెట్టు. నాక్కూడా."

సోమవారం పొద్దున, పిల్లల్ని ఎక్కించుకోకముందే, ఆయన బడికి నడిచి వెళ్ళి పెద్ద మేడం బల్ల మీద కవరూ వ్యాను తాళాలూ పెట్టాడు. ఆవిడ చదివింది. ఆయన చెప్పిందంతా విన్నది. టైర్లు మాత్రం "నేను వేయించాను" అన్నాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంది మేడం.

"తెలిసేది కాదండి."

"ఈ రూలు నేనే రాశాను. రాసేటప్పుడు మీలాంటివాళ్ళు దీనికింద వస్తారనుకోలేదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తాళాలు తీసుకుని సొరుగులో వేసింది.  పంతొమ్మిదేళ్ళలో ఆ తాళాలు ఇంకొకరి సొరుగులో పడిన చప్పుడు ఆయన వినడం అదే మొదటిసారి. సరేనండి అని వెనక్కి తిరిగాడు.

"ఆగండి. వ్యానులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ కాన్పుకి వెళ్ళింది. వెనక కూర్చోవడానికి మనిషి కావాలి. రూలు చక్రం ముట్టుకోవద్దంది, బండెక్కొద్దనలేదు."

అలా ఆ పొద్దునే ఆయన తన బండిలో మొదటిసారి వెనక కూర్చున్నాడు. చక్రం ముందు తూనీగ అనే కుర్ర డ్రైవరు. ఎప్పుడూ హారన్ కొట్టి దాటిపోయేవాళ్ళలో మొదటివాడు. ఇవాళ వీపు మీద ఆయన చూపు తగులుతుందో ఏమో, ముప్పై ఐదు మీద పాకుతున్నాడు. "అన్నా, ఇది చాలా, ఇంకా తగ్గించనా?" అని అద్దంలోంచి అడిగాడు. పిల్లలు పకపకా నవ్వారు.

వెనకనుంచి బండి వేరేలా ఉంది. పిల్లల తలలు, సంచులు, ఒకరి జడ ఇంకొకరి చేతిలో. ఇదంతా ఇన్నేళ్ళూ అరచేయంత అద్దంలో చూశాడు. బయల్దేరేముందు అలవాటుగా పెదవుల మీదికొచ్చిన మాట సగంలో ఆగింది. చేతిలో చక్రం లేదు. కాసేపు ఆలోచించి తిరగేశాడు. "స్వామీ, చక్రం నువ్వు పట్టుకో, పిల్లల్ని నేను పట్టుకుంటాను."

నడుముపట్టీ పాప ఎక్కి ఆయన పక్కనే కూర్చుంది. "తాతయ్యా, నువ్వెందుకు నడపట్లేదు?"

"జోరుగా నడిపానమ్మా, అందుకు."

"నువ్వా?" పాప నోరు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఊరంతా కలిసి అడిగినా ఆయనకి అంత సిగ్గేసేది కాదు.

కాలవ మలుపు వచ్చింది. పాత టైర్లు, గట్టివి. మొదటి గుంత ఎంత దూరంలో ఉందో చూడక్కర్లేదు, ఆయన ఒంటికే తెలుసు. "ఇప్పుడొకటి వస్తుంది, ఊపిరి పట్టుకో" అని, పాప వెన్నుకీ సీటుకీ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. బండి పడి లేచింది. చెయ్యి నలిగింది.

పాప పెదవి వైపు చూశాడు. కొరుక్కోలేదు.

"ఇంకా రెండున్నాయి" అన్నాడు. చెయ్యి తియ్యలేదు.