ఎండుచేపల పక్కన ఆరిన వావిలాకు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏది ఆరినా ఇసుక మీద, ఎండలోనే ఆరేది. చేపలు, వలలు, తలంటుకున్న మా జుట్టు కూడా. మాది శ్రీకాకుళం పక్కన సముద్రపు ఒడ్డు. మగవాళ్లు వేటకు వెళ్తే, మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆమదాలవలస వైపు సంతలకు వెళ్లేది. ఆ ఏడు నన్నూ వెంట తీసుకెళ్తానని మాటిచ్చింది. నా చదువు రెండో తరగతితో సరి. ఇక నాకు సంతే బడి అనుకుని ఎగిరి గంతేశాను.

సరిగ్గా అప్పుడే జలుబు పట్టుకుంది. జలుబు పోయింది గాని ముక్కు మూసుకుపోయి అలాగే ఉండిపోయింది. కనుబొమల మధ్య రాయి పెట్టినట్టు బరువు. పడుకుంటే నోటితోనే ఊపిరి. పులుసు తిన్నా వేణ్ణీళ్లు తాగినట్టే ఉండేది. అదంతా ఓర్చుకున్నాను, మామ్మ అన్న మాటే ఓర్చుకోలేకపోయాను. ఎండుచేప బాగా ఎండిందా, చెమ్మ పట్టి లోపల పాడైందా అన్నది ముక్కే చెప్పాలి. అందుకని, "ముక్కు నేని గుంటకి ఎండుసేపల బేరమేటే? తెరుసుకుంటే రా, నేకపోతే ఇంటికాడుండు" అనేసింది.

అన్నదే గాని ఊరుకోలేదు. వావిలాకు, తులసి, నీలగిరి ఆకు కోసుకురమ్మని నన్నే పంపింది. ఆకు గలగలలాడేలా ఆరాక, వాము, పసుపు చేర్చి దంచి, పెనం మీద వేయించి చల్లార్చిన కల్లుప్పులో కలిపి జాడీకెత్తాలి. ఆకులో తడి మిగిలితే ఉప్పు నీరు కారుతుంది. స్నానానికి వేడినీళ్లలో ఆ ఉప్పు గుప్పెడు వేస్తే ఆ ఆవిరికి ముక్కు వదులుతుందని చెప్పి, నీడన ఆరబెట్టమని మరీ మరీ హెచ్చరించి, గంపెత్తుకుని వెళ్లిపోయింది.

నీడన ఆరడమేమిటి? ఏదైనా నీడన ఆరగా నేను చూస్తే గదా! పైగా నన్ను తీసుకెళ్లాల్సిన సంత దగ్గరపడుతోందన్న ఆత్రం. వేలెడంత నెత్తళ్లు ఎండుతున్న చాప మీదే, వాటి పక్కన ఆకు పరిచేశాను. పొద్దువాలేసరికి కరకరలాడింది. ముక్కు పనిచేస్తే చేసిన పని ఏమిటో అప్పుడే తెలిసేది. మూసుకుపోయిన ముక్కుతో ఎంతో గొప్పగా తీసుకెళ్లి మామ్మ చేతిలో పోశాను.

ఆవిడ ఆకు వాసన చూసింది. నా మొహం చూసింది. మామూలుగా అయితే వీపు మీద ఒకటి వేసి, మళ్లీ కోసుకురమ్మనేది. ఆ రోజు మాత్రం ఆ ఆకునే దంచి ఉప్పులో కలిపేసింది.

రోజూ సాయంత్రం వేడినీళ్లలో ఆ ఉప్పు గుప్పెడు కరిగించి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, నెత్తిన చీర కప్పి ఆవిరి పట్టనిచ్చేది. నీళ్లు గోరువెచ్చనయ్యాక ఒంటి మీద పోసేది. "ఏటి వాసనొస్తంది?" అని అడిగేది. "ఏటీ నేదు మామ్మా" అనేదాన్ని. "అయితే మల్లీ పీల్సు" అనేది, అంతే. తగ్గిందా అని గాని, వావిలాకు వాసన వస్తోందా అని గాని ఒక్కనాడూ అడగలేదు. పక్కింటి పిన్ని అటుగా వెళ్తూ, "ఏటత్తా, మనవరాలికి తానమేటి, సేపకి ఉప్పు పట్టిస్తన్నావేటి?" అంటే కళ్లెర్రజేసి నోరు మూయించింది. నాకేమో అదొక వేళాకోళం అనిపించింది.

రేపు సంత అనగా, చీర కింద ఏడుస్తూ ఊపిరి లాగుతున్నాను. నుదుటి లోపల ఏదో వదులైంది. ముందు ఒక ముక్కులోంచి సన్నగా గాలి, తర్వాత రెండో దాంట్లోంచి. ఆ గాలితో పాటే గుప్పుమంది. చీర విసిరేసి, "సీ, మామ్మా! ఎండు నెత్తళ్ల కంపు! నీళ్లల్లో సేపలేసినావేటి?" అని అరిచాను.

నవ్వడమే ఎరగని మా మామ్మ నేల మీద చతికిలబడి నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లొత్తుకుంది. నా ముక్కు గురించి ఆవిడ ఎంత దిగులుపడిందో అప్పుడు తెలిసింది.

"నానెయ్యనేదే గుంటా, నువ్వే ఆకుని సేపలకాడ ఎండేసినావు. వావిలాకు వాసనొస్తందా అని నానడిగితే, సంత మీదాశకి వస్తందనీదానివి. సేపల సంగతి నీకు తెలీదు గదా! తెలీనిది సెప్పినావు, మరింక తెరుసుకున్నట్టే" అంది. మరి రేపు సంతకో అన్నాను. "సిన్న గంప నీది" అంది.

ఇప్పుడు నా మనవరాలు ఎచ్చెర్లలో చదువుతోంది. చలి ముదిరితే దానికీ ముక్కు బిగుసుకుపోతుంది, సైనస్ అంటుంది. డాక్టరు రాసిన మందులు వేసుకుంటుంది, నేను వద్దనను. మొన్న చలికాలం సెలవులకి వస్తే, బకెట్‌లో నా జాడీలోని ఉప్పు గుప్పెడు వేశాను. ఆకు మాత్రం నీడనే ఆరబెట్టాను. తగ్గిందా అని అడిగితే నన్ను సంతోషపెట్టడానికి తగ్గిందనే అంటుంది, మంచి పిల్ల. అందుకని అడగలేదు. స్నానాల గది కిటికీలో కాగితం చాటున నాలుగు ఎండు నెత్తళ్లు పెట్టి, వంటింట్లో నా పని చూసుకుంటూ చెవి అటే పడేశాను.

ఎంతసేపో నీళ్ల చప్పుడే. ఆ తర్వాత, "మామ్మా! ఏటే ఈ కంపు!" అని కేక.

అప్పుడు నేనూ నిండా ఊపిరి పీల్చుకున్నాను. నెత్తళ్లు తీసుకొచ్చి పులుసులో వేశాను. పారేయడానికా కొన్నది?