అరవై నాలుగు దగ్గర ఆగిపోయిన లెక్క

తొంభైల చివర్లో చిక్కడపల్లిలో, లైబ్రరీకి ఎదురు సందులో, ఒక మందుల షాపు పైన మాకో చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. సీ, యూనిక్స్ చెప్పేదాన్ని నేనే. నా నోరు మంచిది కాదని ఇంట్లోవాళ్లూ బయటివాళ్లూ అనేవారు. కాదనను.

మాకున్న అసలు కంప్యూటర్ ఒక్కటే. ఒక పుస్తకంతో పాటు వచ్చిన సీడీలోంచి దానికి లైనక్స్ ఎక్కించి, వైర్లతో పది తెరలూ పది కీబోర్డులూ తగిలించాం. పదిమందీ ఒకేసారి కూర్చుంటే అది పాపం ఆయాసపడేది. మెమరీ పెంచమని రాంనగర్ నుంచి వచ్చే మెకానిక్‌కి చెప్పాను. ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, తర్వాత కంప్యూటర్లు బిగించడం సొంతంగా నేర్చుకున్న మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనకి షాపు లేదు, బోర్డు లేదు. నారాయణగూడ నుంచి అశోక్ నగర్ దాకా ఉన్న ఇన్‌స్టిట్యూట్లవాళ్లం ఒకరికొకరం చెప్పుకుంటేనే ఆయనకి పని.

పాత మెమరీ తీసేసి, అరవై నాలుగు ఎంబీలవి రెండు కొత్త ముక్కలు పెట్టాడు. అంటే నూట ఇరవై ఎనిమిది రావాలి. లైనక్స్ మొదలయ్యాక చూస్తే అరవై నాలుగే అంటోంది.

"మదర్‌బోర్డు పూరా లెక్క చూపిస్తుంది గద మేడమ్," అంటూ ఆన్ చేయగానే తెర మీద తిరిగే అంకెలు చూపించాడు. "లైనక్స్‌ని లేపేటందుకు లిలో అని ఉంటది గద, గది పాత తీరుల అడుగుతదంట. గట్ల అడిగితే అరవై నాలుగు మించి జవాబే రాదంట. ఇంత ఉన్నదని మనమే దాని ఫైల్ల రాయాల్నంట. నారాయణగూడల ఒకాయన చెప్పిండు."

రాయడం నా పని. ఫైలు తెరిచి, నూట ఇరవై ఎనిమిది అని ఒక లైను చేర్చి, మెషిన్ ఆపి మళ్లీ వేశాను. అరవై నాలుగే.

నాకు ఒళ్లు మండింది. బ్యాచ్ మొత్తం చూస్తుండగానే, "పనికిరాని ముక్క ఒకటి అంటగట్టి, పైగా కథలు చెప్తున్నారా?" అనేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "మాల్ మంచిదే మేడమ్. నేను గసుంటోణ్ణి కాదు," అన్నాడు మెల్లగా. మర్నాడు నేను క్లాసు చెబుతుండగా వచ్చి, పక్క గదిలో ఉన్న కంప్యూటర్ పెట్టె విప్పి గంటసేపు ఏదో చేశాడు. మళ్లీ చూశాం. అదే అంకె. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ వారంలోనే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆవిడ, తమ మెషిన్‌కి ఆయన్ని పిలవచ్చా అని ఫోన్ చేసింది. జరిగింది చెప్పాను. కాస్త ఉప్పూ కారం కూడా దట్టించాను, ఇప్పుడు దాచడమెందుకు. ఆవిడ అశోక్ నగర్‌లో చెప్పింది. నెల తిరిగేసరికి మా వైపు ఆయన్ని పిలిచేవాళ్లే లేరు. ఒకసారి చౌరస్తాలో సైకిల్ మీద ఎదురైతే నేనే తల తిప్పుకున్నాను.

తర్వాత ఒకరోజు క్లాసులో ఒకమ్మాయి, ప్రోగ్రాంలో తప్పు దిద్దినా పాత జవాబే వస్తోందంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇలాగే అడుగుతారు. నేనూ ఎప్పుడూ అరిచే అరుపే అరిచాను. "ఫైల్లో దిద్దితే సరిపోతుందా? మళ్లీ కంపైల్ చెయ్యొద్దూ? నువ్వు రాసుకున్నది దానికెలా తెలుస్తుంది?"

మాట పూర్తి కాకుండానే నాకు ఆ మెమరీ గొడవ గుర్తొచ్చింది. ఆవేళ లిలో ఫైల్లో లైను రాశాను, నిజమే. కానీ రాశాక లిలో కమాండ్ ఒకసారి నడపాలి. అప్పుడే ఆ రాసింది డిస్కులోకి ఎక్కుతుంది. నేను నడపలేదు. పిల్లల్ని రోజూ దేనికి తిడతానో సరిగ్గా అదే నేను చేశాను.

అందర్నీ పని ఆపమని, ఆ ఒక్క కమాండ్ కొట్టి, మెషిన్ ఆపి వేశాను. నూట ఇరవై ఎనిమిది అని చూపించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే రాంనగర్ వెళ్లి, కూరగాయల బండి దగ్గర ఇల్లు అడిగి తెలుసుకుని, ఆయన్ని బతిమాలి మర్నాడు పిలిపించుకున్నాను. అదే బ్యాచ్ ముందు నిలబడి, "తప్పు నాదన్నా. మీరు చెప్పిందే నిజం. రెండు ముక్కలూ మంచివే. నారాయణగూడకీ అశోక్ నగర్‌కీ నేనే ఫోన్ చేసి చెప్పాను," అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"గంత మాటెందుకు మేడమ్. ఎర్క లేక అన్నరు," అన్నాడు. పిల్లలు వెళ్లేదాకా ఆగి, మొహమాటంగా అడిగాడు. "మరి, ఇగ నాది నేను తీస్కపోవాల్నా?"

నాకు అర్థం కాలేదు. ఆయన పెట్టె మూత విప్పి చూపించాడు. లోపల రెండు కాదు, మూడు ముక్కలున్నాయి. నేను ఫైల్లో రాసింది నూట ఇరవై ఎనిమిదే కాబట్టి లైనక్స్ అంతే చూపించింది.

"ఆ మర్నాడు వచ్చిన గద. రెండిట్ల ఒకటి ఖరాబుందేమో, మీ క్లాసులు ఆగొద్దని మా ఇంట్ల మెషిన్‌ది తెచ్చి పెట్టిన. ఇంట్ల ఉన్నదే గదొక్కటి. అప్పటిసంది మా బిడ్డ కంప్యూటర్ బంద్ పడ్డది."

"ఆ రోజే తీసుకెళ్లొచ్చు కదన్నా," అన్నాను.

ఆయన తన ముక్కని ఊడదీసి చొక్కా అంచుతో తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "తీద్దామనే అనుకున్న మేడమ్. గని ముక్క చేతుల పట్టుకొని మెట్లు దిగితే, మీరు దొంగ అంటరేమోనని భయమైంది."