గిన్నెలో ఉంచిన పదకొండు రూపాయలు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, పక్కింటి పిల్ల, నాకు కోడలి వరస అవుతుంది, పాసుపుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఏమయిందే అంటే పుస్తకం నా వైపు చాచింది. ఏడో తరగతి దాకా మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నాను గనుక మా ఊళ్ళోకి ఏ కాగితం వచ్చినా ముందు నా కళ్ళజోడు దాకా రావలసిందే. తెరిచి చూస్తే, వరసగా నాలుగు చోట్ల, ఖాతాలో ఉండవలసినంత సొమ్ము లేనందుకు జరిమానా అని ఉంది. ఆ పిల్ల మగడు జ్వరంతో మంచం పట్టి నెల అయింది. ఆ ముక్క చదివి కళ్ళజోడు తీసేసి గడప మీద కూర్చుండిపోయాను. వయసు వల్ల అనుకుని ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది గాని, అది వయసు కాదు.

పదేళ్ళు దాటి ఉంటుంది. మా కాఫీ పంట డబ్బు ఇకమీద చేతికివ్వరు, ఖాతాలో వేస్తారు అని చెప్పి, హుకుంపేట నుంచి బ్యాంకు వాళ్ళు జీపు వేసుకుని మా ఊరొచ్చి, బడి అరుగు మీద కూర్చుని అందరికీ పుస్తకాలు రాసి ఇచ్చారు. ఇందులో మీరు ఒక్క రూపాయి కూడా ఉంచనక్కర్లేదని చెప్పి, మొదటి పేజీలో ఆ సంగతి తెలిపే ముద్ర కూడా వేశారు. మేము చప్పట్లు కొట్టాము. రెండేళ్ళకు పుస్తకాలు మారుస్తున్నామని అందరికీ కొత్తవి ఇచ్చారు, ఇస్తూ ఏవో కాగితాల మీద మూడు చోట్ల సంతకం పెట్టమంటే పెట్టాను. చదువుకున్నదాన్నే, చదవకుండా పెట్టాను. వెనకాల ముప్పై మంది నిలబడి ఉంటే చదువుతూ కూర్చోవడానికి సిగ్గేసింది.

ఇక్కడ మా ఇళ్ళలో ఒక పద్ధతి చెప్పాలి. ఎవరింటి నుంచి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు చోళ్ళయినా వేసి పంపాలి, అదీ లేకపోతే చిటికెడు ఉప్పు. ఖాళీ గిన్నె పంపిన ఇంటితో మా అత్తగారు ఏడాది మాట్లాడలేదు. అందుకని ఏటా కాఫీ డబ్బు పడగానే నేను సంతరోజున వెళ్ళి మొత్తం తీసుకుని, పదకొండు రూపాయలు మాత్రం అందులో ఉంచి వచ్చేదాన్ని. బ్యాంకు మా డబ్బు దాచి పెట్టింది కదా, గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తే ఏం మర్యాద? కౌంటరులోని అమ్మాయి నవ్వితే నా మర్యాదకు మెచ్చుకుని నవ్వుతోందనుకునేదాన్ని. వెర్రిదాన్ని.

కొత్త పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది మిరియాల కోతలో మా ఆయన, మిరియాల తీగ పాకించిన సిల్వర్ ఓక్ చెట్టు మీద నుంచి పడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్న చెట్లు. మంచుకు నిచ్చెన జారింది. మోకాలి కింద ఎముక విరిగి బయటికి వచ్చింది. మా మరిది, ఇంకో నలుగురు డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళారు. దగ్గరి ఆసుపత్రిలో కట్టు కట్టి, వారం లోపల విశాఖ తీసుకెళ్ళి లోపల కడ్డీ వేయించాలి, ఆలస్యం చేస్తే కాలు చెడుతుంది అని చెప్పారు. పట్నంలో పెద్దాసుపత్రి ఉచితమే గాని, కడ్డీ బయట కొనాలి, మందులు కొన్ని బయట కొనాలి, తోడు ఉన్నవాళ్ళు తినాలి. అన్నీ కలిపి పద్నాలుగు వేలు లేనిదే బయలుదేరవద్దని వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పారు. నాకు భయం వేయలేదు, ఎందుకంటే కాఫీ డబ్బు పద్నాలుగు వేల రెండు వందలు ఖాతాలో పడిందని ఆ ఉదయమే తెలిసింది. దేవుడు లెక్క చూసి పంపినట్టు ఉందని కళ్ళకద్దుకున్నాను.

మర్నాడు కౌంటరు దగ్గరికి వెళితే తొమ్మిది వేల నాలుగు వందలే ఉన్నాయన్నారు. మిగతాది ఏమయిందంటే, కొత్త పుస్తకం ఇచ్చినప్పుడు మీ సంతకంతో ఖాతా రకం మారింది, ఇందులో ఎప్పుడూ వెయ్యి రూపాయలు ఉండాలి, మీరు పదకొండే ఉంచారు, నెలనెలా జరిమానా పేరుకుపోయి ఇప్పుడు డబ్బు పడగానే కోత పడింది అన్నారు. నా పదకొండు రూపాయల మర్యాదకు అది ఫలితం. ఎవరు కోశారమ్మా అని అడిగితే, "సిస్టమ్ కట్ చేసిందమ్మా, మేం కాదు" అంది కౌంటరులోని అమ్మాయి. చెడ్డపిల్ల కాదు, నా మొహం చూడలేక తల వంచుకుంది.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆ రోజు ఉన్నవి తీసుకుని, తక్కువైన దానికి సంతలో షావుకారు దగ్గర పై ఏటి పంట చెట్టు మీదనే అమ్మేసి ఉంటే, మూడో రోజుకల్లా పట్నంలో ఉండేవాళ్ళం. మా మరిది అదే చెప్పాడు. నాకు రోషం వచ్చింది. నా డబ్బు వాళ్ళ దగ్గర ఉండగా నేను పంట ఎందుకు అమ్మాలి అన్నాను. రెండోసారి వెళ్ళాను, ఆఫీసరు గారు రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాను. రుజువు ఏముందన్నారు. పాత పుస్తకం కోసం ఇల్లంతా వెతికితే విత్తనాల బుట్ట అడుగున బూడిదలో దొరికింది, ముద్ర చెక్కుచెదరలేదు. మూడోసారి అది పట్టుకుని వెళ్ళాను. ఒక్కో ప్రయాణానికి ఆరు మైళ్ళ నడక, ఆపైన జీపు కోసం కాపు, ఒక రోజు హుష్‌కాకి. ఆఫీసరు గారు ముద్ర చూసి, న్యాయం మీ వైపే ఉంది, పై ఆఫీసుకు రాస్తాను, మూడు నాలుగు వారాలు పడుతుంది అన్నారు. గెలిచానని నవ్వుతూ ఇంటికొచ్చాను. అది ఆరో రోజు.

గుమ్మం దాటకముందే వాసన వచ్చింది. మా ఆడపడుచు కట్టు పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది. ఆరు రోజులుగా ఒక్కనాడూ తొందర పెట్టని మా ఆయన ఆ సాయంత్రం మొదటిసారి అడిగాడు. "కాలు బరువెక్కిపోతంది. ఏటి సేత్తావో బేగి సెయ్యే" అన్నాడు.

పరుగెత్తాను. షావుకారు చెప్పిన ధరకే, సగానికే, పై ఏటి పంట అమ్మాను. ఖాతాలో ఉన్నవీ తీసుకుని ఎనిమిదో రోజు పట్నం చేరాము. కడ్డీ అవసరం లేకపోయింది. కాలు మోకాలి దగ్గరికి తీసేశారు.

నెల తిరిగాక డబ్బు తిరిగి వచ్చింది. ఖాతాను మళ్ళీ పాత రకానికి మార్చి, కోసినదంతా, నాలుగు వేల ఎనిమిది వందలూ, ఒక్క పైసా తగ్గకుండా తిరిగి జమ అని పుస్తకంలో అచ్చేశారు. ఊళ్ళో అందరూ మా ఇంటికొచ్చి ఆ పేజీ చూసి, నన్ను పొగిడి, తమ పుస్తకాలు కూడా తెచ్చి అర్జీలు రాయించుకున్నారు. చాలామందికి వచ్చాయి కూడా. నేను రాస్తూ ఉంటే మా ఆయన మంచం మీద నుంచి చూస్తుండేవాడు. నీ రోషం నా కాలు తీసింది అని ఒక్కసారి అని ఉంటే నేను పడి ఏడ్చి తేలికపడేదాన్ని. అనలేదు.

ఆ డబ్బు తీసుకోవడానికి బయలుదేరుతూ ఈసారి చిల్లిగవ్వ మిగల్చను, ఊడ్చి తెస్తాను అన్నాను. ఆయన చంకలో కర్ర సర్దుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. "పదకొండు ఉంచీయే. ఆళ్ళు సేసింది ఆళ్ళది. మనం ఖాళీ గిన్నె ఇచ్చినోళ్ళం కాకూడదు" అన్నాడు. ఉంచాను. ఆయన పోయేదాకా ఏటా ఉంచాను.

ఇప్పుడు బ్యాంకుకు నడవనక్కర్లేదు, వేలిముద్ర యంత్రం ఊళ్ళోకే వస్తుంది, కోత పడితే ఫోను టింగుమంటుంది. తల వంచుకునే అమ్మాయి కూడా ఎదురుగా లేదు, కోపం ఎవరి మీద చూపాలో తెలియదు. ఇరుగుపొరుగు మధ్య తిరిగేవి ప్లాస్టిక్ డబ్బాలు, అవి ఖాళీగా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. మా కాలం వాళ్ళకే ఇంకా గుండెల్లో కలుక్కుమంటుంది.

పక్కింటి పిల్లకు అర్జీ రాసి ఇచ్చాను. ముందు మగణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళు, అర్జీ తరవాత ఇద్దువు, దాని కోసం ఒక్క రోజు కూడా ఆగకు అని రెండుసార్లు చెప్పాను. సరేనని లేచి, ఖాతాలో ఉన్న కాస్తా తీసేటప్పుడు ఎంత ఉంచమంటావు అత్తా, పదకొండేనా అని అడిగింది. మా ఇంటి అలవాటు ఊరందరికీ తెలుసు.

ఏమీ ఉంచకు, ఊడ్చి తెచ్చేయ్ అన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను గాని, తలుపు మూల ఇప్పటికీ ఆనించి ఉన్న ఆయన చంకకర్ర వైపు ఆ పూటంతా చూడలేకపోయాను.