మెలిక గేరు, నొక్కుడు గేరు

నిప్పు పుట్టిన ఘట్టం, చక్రం పుట్టిన ఘట్టం అందరికీ తెలిసినవే. పార్సిళ్ళు పంచే ఒకాయన సైకిల్ గేరును బొటనవేలితో నొక్కక, చేతిపిడిని మెలితిప్పి మార్చిన ఘట్టాన్ని మాత్రం చరిత్రకారులు ఎందుకో వదిలేశారు. దానివల్ల డిపో రెండు వర్గాలైంది. నొక్కుడు వర్గానికి నాయకుడు డిపో మెకానిక్, అంటే ఆయన సొంత బావమరిది. మెలిక వర్గంలో నాయకుడూ, అనుచరుడూ, జెండా మోసేవాడూ పార్సిలాయనే.

"నొక్కితే టక్కున పడుతుంది బావా. చేతికి చెమట పడితే చాలు, నీ పిడి జారుతుంది."

"తిప్పితే మూడు గేర్లు ఒక్క ఊపులో దాటొచ్చు. నీ మీటని ఒక్కో మెట్టుకీ బతిమాలాలి. ప్రతిదాంట్లో వేలు పెట్టే లోకంలో, వేలు పెట్టనక్కర్లేని గేరు ఇదొక్కటేరా."

"నీ మాటలో ఎప్పుడూ మెలికే."

అందరూ నవ్వేవారు. ఆయన కుడి బొటనవేలు చచ్చుబడుతోందని భార్యకొక్కదానికే తెలుసు. పొద్దున్నే చొక్కా గుండీలు ఆమే పెట్టేది. నరం దెబ్బతింది, ఇక తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు. సంగతి బయటపడితే సైకిలు తీసేసుకుంటారు. సైకిలు లేనివాడితో డిపోకి పని లేదు.

అంతలో పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇకనుంచి అన్ని సైకిళ్ళకూ నొక్కుడు గేర్లే. బావమరిది పాత పిడి ఊడదీయడానికి వచ్చాడు.

"నాదొక్కటీ వదిలెయ్."

"ఇంత పంతమేంటి బావా? సరే, ముందు ఈ నట్టు పట్టుకో."

నట్టు నేల మీద పడింది. పార్సిలాయన వంగి, రెండు వేళ్ళ సందున ఇరికించి తీశాడు. మళ్ళీ పడింది. బావమరిది చేతిలోని పానా కింద పెట్టాడు.

"అక్కకి తెలుసా?"

"గుండీలు పెట్టేది ఎవరనుకున్నావు?"

మెకానిక్ కొత్త మీటను అందరికీ కనిపించేలా బిగించి, గేరు తీగను మాత్రం పాత పిడికే ఉంచాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు మీటను చూసి తలూపి వెళ్ళారు. పాత పిడే ఇంకా తిరుగుతోందని పసిగట్టి, తమ నాయకుడు లొంగిపోయాడని నొక్కుడు వర్గం వెక్కిరిస్తే, మెకానిక్ "పెద్దాయనతో వాదనేంటి" అని ఊరుకున్నాడు. డిపోలో మళ్ళీ గేర్ల ఊసు రాలేదు.

చలి ముదిరాక, ఆస్పత్రికి వెళ్ళే ఎత్తుదారి మొదట్లో పార్సిలాయన ఒక ఉదయం ఆగిపోయాడు. నాలుగు వేళ్ళూ పిడి చుట్టూ బిగిశాయి. అరచెయ్యి తిరిగింది, పిడి తిరగలేదు. వెనక బస్సు హారన్ మోగుతూనే ఉంది.

మెలితిప్పడానికి కూడా బొటనవేలు కావాలి.