పిలిస్తే పలికిన గుండు

నాంపల్లిలో మా సందు మొదట గ్రానైట్ బండలు కోసే దుకాణం పెట్టిన నాటి నుంచీ తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వంటింట్లోకి వస్తోంది. ఇంట్లో అందరికీ అది వట్టి దుమ్ము. నేను మాత్రం లేచి వెళ్ళి కిటికీ మూసేస్తాను.

చిన్నప్పుడు ఇదే నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. బాపు అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఎండాకాలం సెలవులు రాగానే నన్ను ఊళ్ళో నాయనమ్మ దగ్గర దింపి వచ్చేవాడు. ఊరంటే ఏమనుకున్నారు, ఎటు చూసినా బోడి మైదానం, జొన్న కోసిన చేలు, వాటి నడుమ ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదానిమీదొకటి ఎక్కిన రాతిగుండ్లు! మేక పట్టేంత సందులో సీతాఫలం చెట్టు మొలిచేది. నున్నటి బండ మీద జారి జారి నా గౌన్లన్నీ వెనకవైపు చిరిగేవి. రాయి కాలుతున్నా దిగబుద్ధయ్యేది కాదు, తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుండగా పిల్లలమంతా అక్కడే కూర్చునేవాళ్ళం.

అన్నిటికంటే పెద్దది మా ఇంటి ఎదురుగా ఉన్న జోడుగుండు. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లి, చేతులు కడుక్కుని, నాయనమ్మ దానివైపు తిరిగి పట్నంలో ఉన్న కొడుకును, అంటే మా బాపును, గొంతెత్తి పిలిచేది: "ఓ మల్లేశా!" గుండు తిరిగి "మల్లేశా" అనేది. "పలికిండు. మంచిగున్నడు," అనుకుని అప్పుడు పొయ్యి ముట్టించేది. ఆమెకు వేరే కబురు అక్కర్లేదు.

ఒక ఎండాకాలం క్వారీవాళ్ళు వచ్చారు. ఎర్రజెండాలు పాతి, అందర్నీ ఇళ్ళలో ఉండమని చెప్పి, మధ్యాహ్నం జోడుగుండును పేల్చేశారు. ఇంటి గూనపెంకులు కదిలిపోయాయి. మర్నాడు నాయనమ్మ అలవాటుగా పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆ పొద్దు పొయ్యి ముట్టించలేదు.

"గుండు పలగ్గొట్టిన్రు గద నాయనమ్మా, గందుకే పలుకుతలేదు," అన్నాను.

"గుండు పోతె పోనీ బిడ్డా. నా కొడుకెందుకు పలుకుతలేడు?"

ఇక ఆగితేనా! నన్ను లాక్కుని మొదటి బస్సెక్కింది. అబిడ్స్ దుకాణంలో చీరలు మడతపెడుతున్న బాపు "ఏందమ్మా, గిట్ల ఉరికొచ్చినవ్?" అంటూ లేచాడు. ఆమె గిరాకీలందరి ముందూ అతని గడ్డం పట్టుకుని ఏడ్చింది. బాపు నవ్వాడు, నచ్చచెప్పాడు, ఎదురుగానే ఉన్నాను కదా అన్నాడు.

"గీడున్నవ్‌రా, సూస్తున్న. రేపు నేను ఊరికి పోయినంక ఎట్ల తెల్వాలె?"



ఇప్పుడక్కడ జోడుగుండు లేదు, దాని వెనకున్న గుట్టలో సగం లేదు. పచ్చనీళ్ళు నిండిన గొయ్యి, చుట్టూ ముళ్ళకంపలు. బాపు నాయనమ్మ కంటే ముందే పోయాడు. దినాలయ్యాక కూడా ఆ ముసలి ప్రాణం వాకిట్లో నిలబడి, గొయ్యివైపు తిరిగి "ఓ మల్లేశా" అని పిలిచి, చెవులు రిక్కించి వినేది. బతికినవాళ్ళెవరో పోయినవాళ్ళెవరో రాయికి తెలియదని నాకూ తెలుసు. తెలిసే అంటున్నాను, దాన్ని అక్కడ ఉండనిచ్చి ఉంటే ఆమెకు ప్రతి పొద్దునా మా బాపు పలికేవాడు.